మామయ్య గెలవాల్సిన శనివారం

నా చిన్నప్పుడు మా మామయ్య ప్రతి శనివారం ఓడిపోయేవాడు.

మామయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. భారతీయులుండే చాట్స్‌వర్త్ పేటలో, మా ఇంట్లోనే ఉండేవాడు. వారమంతా చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కోసేవాడు. శనివారం మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని ఏదో ఒక ఊరి హాల్లో కుస్తీ పట్టడానికి వెళ్ళేవాడు. ఒక వారం టోంగాట్, ఒక వారం లేడీస్మిత్, నెలకొకసారి మా చాట్స్‌వర్త్. ఆ కుస్తీలు నడిపించే ప్రమోటర్ మామయ్యకు ఒక వేషం కట్టాడు. తలకు పెద్ద పాగా, నుదుటి మీద మూడు వేళ్ళ మందాన బొట్టు, మెడలో రబ్బరు పాము. పోస్టర్ల మీద మామయ్య పేరు ఉండేది కాదు, 'పాముల స్వామి' అని మాత్రం ఉండేది. ఆ స్వామి పని రింగులోకి వచ్చి కళ్ళు ఉరిమి చూడడం, దొంగదెబ్బ తీయడం, ఆఖరికి వెల్లకిలా పడి ఓడిపోవడం. జనం పగలబడి నవ్వేవాళ్ళు. మనవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

మా అమ్మమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆమె తండ్రి తెలుగునాటి నుంచి ఈ దేశపు చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాడు. మా ఇంట్లో అప్పటికే ఇంగ్లీషు ఎక్కువైపోయింది. తెలుగు దండం పెట్టుకోవడానికీ, అన్నం పెట్టడానికీ, తిట్టడానికీ మిగిలింది. నేను తెలుగు రాయడం పెద్దయ్యాకే నేర్చుకున్నాను. మామయ్య సంచీలో ఆ పాగా కనిపించినప్పుడల్లా అమ్మమ్మ, "దేవుడి బొట్టెట్టుకుని ఈ దొంగేసాలేటిరా" అని ముఖం తిప్పుకునేది. కుస్తీ అంటే మామయ్యకు ప్రాణం. ఆ చుట్టుపక్కల కుస్తీ పట్టాలంటే ఆ ప్రమోటర్ దగ్గరికే వెళ్ళాలి, అతను ఇచ్చిన వేషమే కట్టాలి. ఒకసారి రింగులో వేలు విరిగితే, ప్రమోటర్ పలకరించను కూడా లేదు. మామయ్యే ఐస్‌క్రీం పుల్ల ఆసరా పెట్టి గుడ్డతో కట్టుకుని సోమవారం ఫ్యాక్టరీకి వెళ్ళాడు.

బళ్ళో నాతో చదివేవాళ్ళు పాములా బుస కొట్టి నన్ను ఏడిపించేవాళ్ళు. నాకు పదకొండేళ్ళు. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చి, ఒక్కసారైనా గెలవడం నీకు చేతకాదా అని మామయ్యను నిలదీశాను. అతను నా జడ సరిచేశాడు.

అవి ఎన్నికలకు ముందు నెలలు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, మనవాళ్ళు అందరూ కలిసి మొదటిసారి ఓటు వేయబోతున్నారు. పెద్దవాళ్ళ ముఖాల్లో సంతోషం ఉండేది, దాని కిందే భయం కూడా ఉండేది. ఎవరు ఎవరి మీద పడతారో అని మా వీధిలో కొందరు బియ్యం, పప్పు, కొవ్వొత్తులు దాచుకున్నారు. నల్లవాళ్ళలో జూలూవాళ్ళ పేటల్లోనూ మన గురించి అలాంటి మాటలే నడిచేవని తరవాత తెలిసింది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం ప్రమోటర్ మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఎన్నడూ మా గడప తొక్కనివాడు కూర్చుని టీ తాగాడు, అమ్మమ్మకు నమస్కారం పెట్టాడు. ఇకమీదట పాము లేదు, పాగా లేదు అన్నాడు. వచ్చే శనివారం చాట్స్‌వర్త్ హాల్లో మామయ్య తన సొంత పేరుతో ఒక జూలూ మల్లుడితో తలపడతాడు, గెలుస్తాడు అన్నాడు. గెలుస్తాడని ముందే ఎలా తెలిసిందో నేను అడగలేదు. నాకు గెలవడం అన్న మాట ఒక్కటే వినిపించింది. అమ్మ పసుపు పచ్చ బట్ట తెచ్చి కొత్త దుస్తులు కుట్టింది. నేను క్లాసులో ప్రతి ఒక్కరికీ చెప్పాను.

శుక్రవారం సాయంత్రం మామయ్య నన్ను అభ్యాసానికి వెంట తీసుకెళ్ళాడు. ఒక స్నేహితుడి గ్యారేజీలో పాత పరుపులు పరిచి ఉన్నాయి. అక్కడ నేను శత్రువును చూస్తాననుకున్నాను. రెండు టాక్సీలు మారి ఉమ్లాజీ అనే జూలూ పేట నుంచి వచ్చిన ఒక కుర్రవాడు కనిపించాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. మామయ్యను 'మాలుమే' అని పిలిచాడు. వాళ్ళ భాషలో అమ్మ తమ్ముణ్ణి అలాగే పిలుస్తారట. నేను మామయ్యను 'మామా' అని పిలిస్తే అతనికి ఒకటే నవ్వు, ఎందుకంటే జూలూలో మామా అంటే అమ్మ. అతనికి కుస్తీ నేర్పింది మా మామయ్యే. వాళ్ళిద్దరూ పట్లు ఎలా వేయాలో, ఎవరు ఎప్పుడు పడాలో మాట్లాడుకుంటుంటే నాకు మెల్లగా తెలిసింది, గెలుపోటములు ముందే ప్రమోటర్ నిర్ణయిస్తాడని. ఇన్నేళ్ళూ మామయ్య ఓడింది చేతకాక కాదు, ఓడమన్నారు కాబట్టి. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఎందుకు పడ్డావు అని అడిగాను.

"పడీవోడి చేతుల్లోనే ఉంటాది పిల్లా పనంతా. ఎత్తీవోడికి చప్పట్లు" అన్నాడు మామయ్య.

అప్పుడు ఆ కుర్రవాడు నాతో ఏదో చెప్పబోయాడు. మెడ తిరగలేదు. నావైపు చూడడానికి ఒళ్ళంతా తిప్పాడు. ముందు వారం మరో ఊళ్ళో ఎవరో అతన్ని సరిగ్గా పట్టుకోకుండా విసిరేశారు. మామయ్య అతని మెడ నొక్కి చూశాడు, చెయ్యి ఎత్తమన్నాడు. భుజం దాటి లేవలేదు. మామయ్య వెంటనే పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి ప్రమోటర్‌తో మాట్లాడాడు. మర్నాటి ఆటలో చివరి పట్టు, అతన్ని భుజాల మీదికెత్తి తలకిందులుగా విసరడం. అది మార్చమని మామయ్య బతిమాలాడు. పోస్టర్లు అంటించేశాం, జనానికి కావాల్సింది ఆ విసురే అని జవాబు వచ్చింది. ఆ కుర్రవాడు రాకపోతే ఇక ఎప్పుడూ రానక్కర్లేదట. వాళ్ళమ్మకు ఇతనొక్కడే ఆధారం. వస్తానన్నాడు.

శనివారం హాలు కిక్కిరిసిపోయింది. అమ్మ, నేను ముందు వరసలో కూర్చున్నాం. అమ్మమ్మ రాలేదు, కానీ ఆ రోజు మామయ్యకు తన చేత్తోనే బొట్టు పెట్టి పంపింది. ప్రమోటర్ మైకు పట్టుకుని, రేపు వీధుల్లో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు, ఈ రోజు మాత్రం మనవాడి సత్తా చూడండి అన్నాడు. అంతే, హాలు హోరెత్తింది. అప్పటిదాకా మా పక్కన మర్యాదగా వేరుశెనగలు తింటున్న ఒక ముసలాయన లేచి నిలబడి ఆ కుర్రవాణ్ణి బూతులు తిట్టాడు. మామయ్య ప్రతి పట్టులోనూ ఆ కుర్రవాడి మెడ కిందికి తన మోచెయ్యి పోనిచ్చాడు. ముందురోజు చూసినదాన్ని కాబట్టి నాకు అది కనిపించింది. కనిపించినా నేను అరవడం ఆపలేదు.

ఆఖరికి మామయ్య అతన్ని భుజాల మీదికెత్తాడు. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. హాలంతా లేచి నిలబడింది. వెయ్యి, వెయ్యి అని వందల గొంతులు. నేను కుర్చీ ఎక్కి అందరికంటే గట్టిగా అరిచాను.

"వెయ్యి మామా!"

మామయ్య కళ్ళు నావైపు తిరిగాయి. ఎంతసేపు అలా నిలబడ్డాడో తెలియదు. తరవాత మోకాళ్ళు వంచి, నిద్రపోయిన పిల్లవాణ్ణి పక్కమీద పడుకోబెట్టినట్టు, ఆ కుర్రవాణ్ణి కాళ్ళ మీద దింపాడు. అతని అరచెయ్యి తీసి తన గుండెకు ఆనించుకుని, పెద్ద చప్పుడుతో వెనక్కి పడిపోయాడు. కుర్రవాడికి ఏం చేయాలో తోచలేదు. మామయ్య కింద నుంచే ఏదో చెబితే వంగి అతని ఛాతీ మీద చెయ్యి వేశాడు. రిఫరీ దిక్కులు చూస్తూ మూడు లెక్కపెట్టాడు. గెలిచింది కుర్రవాడు.

కూల్‌డ్రింక్ డబ్బాలు రింగులోకి ఎగిరాయి. ద్రోహి అన్నారు. నేను అమ్మ కొంగులో ముఖం దాచుకున్నాను.

వెనక గదిలో ప్రమోటర్ అరవలేదు. నీలాంటివాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారని చాలా మామూలుగా చెప్పి, ఇద్దరినీ ఇక రావద్దన్నాడు. వచ్చేవారం ఉమ్లాజీలో ఇదే ఆట తిరగేసి ఆడించాలనుకున్నాడట. అక్కడ జూలూ కుర్రవాడు మామయ్యను విసరాలి, అక్కడి జనం అరవాలి. ఈ మాట చెబుతున్నప్పుడు అతని గొంతులో సిగ్గేమీ లేదు.

టాక్సీలో ఇంటికి వస్తూ నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. కోపమో సిగ్గో నాకే తెలియలేదు. మామయ్య నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు. చాలా దూరం వచ్చాక, "నువ్వు అరిసినావు. నాను ఇన్నాను" అన్నాడు. నేను ఏడ్చేశాను. అతను కాసేపు ఏడవనిచ్చాడు.

"ఆ అరుపు నీది కాదులే తల్లీ. ఆడు మైకులో ఏసి అందరి నోట్లోనూ ఎట్టాడు. నీకు తెల్దు" అన్నాడు.

వారం తిరక్కుండానే ఆ కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు, మెడకు పట్టీతో, చంకలో ఎక్స్‌రే కవరుతో. మామయ్యే బలవంతాన ఆసుపత్రికి పంపాడు. మెడ ఎముకలో చీలిక ఉందట. ఇంకొక్కసారి తలకిందులుగా పడితే లేచేవాడు కాదన్నారట. అమ్మమ్మ ఆ ఎక్స్‌రేను కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. ఆమెకు అందులో ఏం అర్థమైందో కానీ, అతన్ని కూర్చోబెట్టి, తల వంచనక్కర్లేకుండా పులిహోర ముద్దలు కలిపి తనే తినిపించింది. అతను ఆమెను 'గోగో' అన్నాడు, అంటే అమ్మమ్మ అని. ఆమె ఊఁ అంది.

నేను టీ ఇస్తూ, ఆ రోజు నేను కూడా అరిచానని అతనికి చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. అతను ఒళ్ళంతా నావైపు తిప్పి నవ్వాడు. ఉమ్లాజీలో అయితే తన చెల్లెలు మాలుమేను విసరమని అరిచేది, దానికీ నీ వయసే అన్నాడు.

మామయ్య మళ్ళీ ఏ ప్రమోటర్ దగ్గరికీ వెళ్ళలేదు. ఆ గ్యారేజీలోనే ఆదివారాలు పిల్లలకు కుస్తీ నేర్పాడు. చాట్స్‌వర్త్ పిల్లలు, ఉమ్లాజీ పిల్లలు కలిసి వచ్చేవాళ్ళు. అందరూ గెలవడం నేర్పమనేవాళ్ళు. మామయ్య ముందు ఎదుటివాణ్ణి దెబ్బ తగలకుండా దింపడం నేర్పేవాడు. మెడ నయమయ్యాక ఆ కుర్రవాడు అతనికి తోడొచ్చాడు.

ఆ తరవాత ఈ దేశంలో చాలా గుంపులు చూశాను. మైకు పట్టుకున్నవాళ్ళనూ చాలామందిని చూశాను. వాళ్ళు ఒక మాట అందించి, నా నోరు తెరుచుకోబోయినప్పుడల్లా, మామయ్య భుజాల మీద కళ్ళు గట్టిగా మూసుకున్న ఆ కుర్రవాడి ముఖం నాకు అడ్డం వస్తుంది. ఒక్కోసారి ఆగుతాను. ఒక్కోసారి, ఒప్పుకోవాలి, అరిచాకే గుర్తొస్తుంది. మామయ్య ఆ రోజు టాక్సీలో నన్ను తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.