ఉత్తరం గోడ వార గంధరాజం

మా మేనత్త పోయిందని జమ్మలమడుగు నుంచి మనిషొచ్చి చెప్పినప్పుడు, ఏడుపుకన్నా ముందు నాకు కోపమొచ్చింది. నెల కావస్తాంది, ఇంకా తగ్గలేదు. తగ్గించుకోను కూడా.

మగ్గాల వీధిలో వాళ్ళ ఇల్లు. పెరట్లో ఎక్కడ పార దించినా సున్నపురాయే. అట్లాంటి నేలలో గంధరాజం పెంచింది మహాతల్లి. మదనపల్లెలో పెండ్లికి పోయి, తడిగుడ్డలో చుట్టుకొచ్చిన కొమ్మ అది. ఎండ పడని ఉత్తరం గోడ వార గుంత తీసి, రాళ్ళేరి, బండిమీద ఎర్రమట్టి తెప్పించి నాటింది. అయినా ఆకులు ఊరికూరికే పాలిపోయేవి. చింతపండు పిసికిన నీళ్ళూ, నూలుకు పెట్టగా మిగిలి పులిసిన గంజీ పోసి మళ్ళీ పచ్చగా చేసుకునేది. ఎందుకత్తా ఈ పాట్లంటే, "ఈ నేల దాన్ని పొమ్మంటాండాది, నేను ఉండమంటాండా" అని నవ్వేది.

పిల్లలు పుట్టలేదని మా మామ రెండో పెండ్లి చేసుకున్నాడు. అత్తను మాత్రం పొమ్మనలేదు. ఇంటెడు చాకిరీకి మనిషి కావాల కదా! రోజూ సాయంత్రం ఆ పెద్దమనిషి పెరట్లోకొచ్చి, విచ్చిన పూలన్నీ కోసుకొని చిన్నామె గదికి పోయేవాడు. ఆ పక్కనే కూచుని నూలు కండెలు చుడతాండే మా అత్త కొప్పుకు ఒక్కటిద్దామని తోచిన పాపాన పోలేదు. నువ్వే కోసుకోరాదా అని నేను మండిపడితే, "పెట్టాల్సినోళ్ళు పెడితేనే పూవు మే" అనేది.

యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మా మగ్గం ఆగిపోయి, పొయ్యిలో పిల్లి లేవకుంటే, ఒడినిండా కొర్రలు కట్టుకొని ఎండలో నడిచొచ్చింది ఆమే. నాయన చిన్నబుచ్చుకుంటాడు, చెప్పొద్దని నాకు చెప్పి పోయింది. ఆ కొర్రన్నం తిని నిలబడినోళ్ళం మేము.

పోయిననాడు, ముత్తైదువగా పోయింది, అదృష్టవంతురాలని వీధంతా ఒకటే పొగడ్త. పాడె కట్టినాక మామ కండ్లు తుడుచుకుంటా, బుట్ట పట్టుకొని పెరట్లోకొచ్చినాడు. చెట్టు విరగబూసి ఉండాది. నేను అడ్డం నిలబడినా.

"బతికుండంగ ఒక్క పూవు పెడితివా మామా? ఇప్పుడెందుకు, ఊరు చూస్తాందనా?"

ఆయన తలొంచుకున్నాడు. ముత్తైదువను పూలు లేకుండా సాగనంపుతారా అని పెద్దోళ్ళు నన్ను కసిరినారు. నేను కదల్లేదు. చిన్నామె వచ్చి ఆయన చేతిలో బుట్ట తీసుకొని లోపలికి పోయింది. మా అత్త పసుపూ కుంకుమతోనే పోయింది.

దినాలకు పోయినప్పుడు పెరట్లోకి చూసినా. ఒక్క పూవు కోసినోళ్ళు లేరు. అన్నీ కొమ్మలమీదే గంధం రంగుకు తిరిగి, ఆ నీడలో ఘుమఘుమలాడతాండాయి. పొద్దు గూకింది. ఎవరూ బుట్ట తీసుకొని రాలేదు.