వేడి గదిలో పెట్టిన రెండు సిస్టంలు

1988 ఫిబ్రవరి. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే దారిలో తోటలన్నీ పూత మీదున్నాయి. ఆ వాసన మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాటి ఆఫీసు గదుల్లోకి కూడా వచ్చేది. ఆ నెలలోనే మాకొక పెద్ద కంప్యూటరు దిగింది. బొంబాయిలో ఎవరో వాడి పక్కన పెట్టిన మెయిన్‌ఫ్రేమ్. నాలుగు బీరువాలు వరసగా నిలబెట్టినట్టుండే యంత్రం ఏసీ గదిలో ఉంటుంది. దానికి తీగలతో కలిపిన టెర్మినళ్ళ ముందు చాలామంది కూర్చుని ఒకేసారి పని చేసుకోవచ్చు. మా యజమాని కోటేశ్వరరావు గారు దాన్ని పాత సామాను బేరంలో కొన్నారు. ఊళ్ళో మామిడి వర్తకులు వరసపెట్టి వచ్చి చూసి, దీనికింత చల్లదనం దేనికండీ, ఇదేమన్నా ఐస్‌ఫ్రూటా అని ఆయన్ని ఆటపట్టించి పోయేవాళ్ళు.

నేనక్కడ కంప్యూటర్ ఆపరేటర్ని. బడికెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, బయటికి పంపేవాళ్ళు కాదు. మా నాన్నగారు మామిడి కమీషన్ కొట్లో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, నాకు లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేవారు. ప్రైవేటుగా పరీక్షలు కట్టించారు. తర్వాత విజయవాడలో మా మేనమామగారింట ఉండి డేటా ఎంట్రీ నేర్చుకున్నాను. ఆ చదువుతో నాకా కుర్చీ దొరకడం ఆగిరిపల్లి నరసింహస్వామి దయ తప్ప మరోటి కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

యంత్రమైతే వచ్చింది గానీ దాంట్లో ఆపరేటింగ్ సిస్టం లేదు. యంత్రానికి పని చెప్పి చేయించే మూల ప్రోగ్రాము అన్నమాట. అది లేకపోతే ఆ బీరువాల్లో బట్టలు పెట్టుకోవడం నయం. మా యంత్రానికి యూనిక్స్ అనే సిస్టం సరిపోతుందన్నారు. అయితే యూనిక్స్ అంటే ఒక్కటి కాదు. ఇప్పుడు లినక్స్ అనే సిస్టం తీసుకుంటే ఎన్ని రకాల డిస్ట్రిబ్యూషన్లున్నాయో, మెయిన్‌ఫ్రేముకి ఏది వేయాలా అని చదువుకున్నవాళ్ళు కూడా ఎలా తర్జనభర్జన పడతారో, అప్పట్లో యూనిక్స్‌తోనూ అంతే. మూలం ఒకటే, ఎవరి కంపెనీ హంగులు వాళ్ళవి. మా ముందుకు రెండొచ్చాయి. ఒకటి మద్రాసు వాళ్ళది, ఒకటి హైదరాబాదు వాళ్ళది.

కోటేశ్వరరావు గారు నన్ను పిలిచి, "రోజూ దాని ముందు కూర్చునేది నువ్వు. ఏది కావాలో నువ్వే చెప్పమ్మా సత్యవతీ. చెప్పాక మాత్రం నా దగ్గరికొచ్చి ఏడవకూడదు" అన్నారు.

ఆ మాటతో నాకు అన్నం సహించడం మానేసింది. ఎందుకంటే ఆ కంప్యూటరు ముచ్చటకి కొన్నది కాదు. కిందటి సీజన్లో మా డబ్బాలు కొన్ని గోడౌనులోనే ఉబ్బిపోయాయి. గుజ్జు నింపి మూత బిగించిన డబ్బాల్ని రిటార్ట్ అనే పెద్ద ఇనప పాత్రలో పెట్టి ఆవిరితో ఉడికిస్తారు. ఆ వేడి ఎక్కడో చాలక లోపల గుజ్జు పులిసింది. ఏ రిటార్టులో ఏ డబ్బాలు ఎంతసేపు ఉడికాయో కాగితాల మీద కలగాపులగమైపోయి తేలలేదు. ఏవి మంచివో తెలియక ఆ వారం చేసిన సరుకంతా గోతిలో పూడ్చారు. కాయ కోసే షెడ్డులో చాట్రాయి, విస్సన్నపేట వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు నిలబడి చూశారు. వాళ్ళు కోసిన కాయే అదంతా. మా గుజ్జు కొనే కంపెనీ వాళ్ళు అప్పుడే తేల్చి చెప్పారు: ఈసారి ఏ డబ్బా చూపించినా అది ఎప్పుడు, ఎంత వేడిలో ఉడికిందో అక్కడికక్కడ చెప్పగలగాలి, లేకపోతే మీ దగ్గర కొనం అని. వాళ్ళు కొనకపోతే ఫ్యాక్టరీ లేదు. షెడ్డు పని కూడా లేదు.

రెండు కంపెనీల వాళ్ళూ వచ్చి తమ సిస్టం నడిపి చూపించారు. మద్రాసు వాళ్ళది చూడముచ్చటగా ఉంది. తెర మీద వరసగా మెనూలు, అంకె నొక్కితే పని అయిపోతుంది. దాన్ని తెచ్చిన రామకృష్ణన్ గారు మంచి తెలుగు మాట్లాడేవారు, ఓపికగా చెప్పేవారు. హైదరాబాదు వాళ్ళది నల్ల తెర మీద ఒక్క గుర్తు పెట్టి ఊరుకునేది. మనమే అన్నీ టైపు చేయాలి. పైగా నెమ్మది. కోటేశ్వరరావు గారికి మొదటిదే నచ్చింది. నాకూ అదే నచ్చింది. సరేనని చెప్పేద్దామనే లేచాను.

ఆ మధ్యాహ్నం ల్యాబు చూసే నాగమణి గారితో కూర్చుని భోంచేస్తూ ఈ సంగతి చెప్పాను. ఆవిడ నాకంటే పెద్దావిడ, మాటకారి. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "ఏంటి సత్యా, మూత తీసి వాసన బాగుందని డబ్బాని బయటికి పంపిస్తావా నువ్వు?" అంది.

గుజ్జు డబ్బాలు చేసే చోట ఒక పద్ధతుంది. ప్రతి బ్యాచిలోంచీ కొన్ని డబ్బాలు తీసి వేడి గదిలో పెడతారు. లోపల ఏదన్నా చెడు మిగిలి ఉంటే ఆ వేడికి పెరిగి బయటపడుతుంది. దీన్ని ఇంక్యుబేషన్ అంటారు. పది రోజులు చూసి గానీ ఆ బ్యాచిని బయటికి వదలరు. సిస్టంని కూడా అలాగే పెట్టి చూడమంటుంది నాగమణి గారు. ఎలాగండీ అంటే, "మన కరెంటు లేదూ? అంతకంటే వేడి గది ఎక్కడుంది?" అంది.

నిజమే. ఎండలు ముదిరే కొద్దీ మా ఫీడరు మీద కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. జనరేటరు అందుకునేలోపు యంత్రం చచ్చినట్టు పడిపోతుంది. సిస్టంని కాస్త తీరిగ్గా ఆపితే బాగానే ఆగుతుంది. రాస్తుండగా పడిపోయినప్పుడే దాని గుణం తెలుస్తుంది.

కోటేశ్వరరావు గారిని గడువు అడగడానికి వెళ్ళాను. గది బయట నిలబడి స్వామి నామం అనుకుని లోపలికెళ్ళాను. ఒక్కోదానికి పది రోజులు కావాలన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పిందె కట్టేస్తోంది. ఇంకా జాతకాలు చూస్తానంటావు. అమ్మాయ్, సీజను నీ కోసం ఆగుతుందా?" అన్నారు. రామకృష్ణన్ గారు పక్కనే ఉన్నారు. మేడంగారు మా సిస్టంని కూడా డబ్బా అనుకుంటున్నారండీ అని నవ్వారు. కోటేశ్వరరావు గారు చివరికి చెయ్యి ఊపి, కానియ్ అన్నారు.

ముందు మద్రాసు వాళ్ళది పెట్టాం. కిందటేడు రిటార్టు చీటీలే తీసుకుని, సీజను నడుస్తున్నట్టే రోజూ టైపు చేస్తూ వచ్చాను. కరెంటు పోయేది. వచ్చిన కాసేపటికే సిస్టం లేచి, మెనూ చూపించి, ఏమీ జరగనట్టు నిలబడేది. ఒక్క ప్రశ్న అడిగేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక, కాసేపటి కింద నా చేత్తో ఎక్కించిన లోడుని, అంటే ఒక్కసారి రిటార్టులో పెట్టిన డబ్బాల వివరాన్ని, చూపించమని అడిగాను. ఆ లోడు లేదు. దాని డబ్బాల నంబర్లు వెళ్ళి తర్వాతి లోడు వేడి పక్కన కూర్చున్నాయి. తెర మీద మాత్రం అంతా సవ్యంగానే ఉంది. నేను టైపు చేసి గంట కాకపోబట్టి గుర్తుంది గానీ, సీజన్లో అయితే ఎవరికి గుర్తుంటుంది?

రామకృష్ణన్ గారు దాచకుండా చెప్పారు. వేగం కోసం దాన్ని అలా అమర్చారట. పడి లేచినప్పుడు చెడిన చోట్లన్నీ అదే సర్దుకుంటుంది, ఆపరేటర్ని విసిగించకూడదని. నాగమణి గారు విని, "ఇది ఫ్లాట్ సవర్ అండీ" అంది. డబ్బాల్లో అరుదుగా వచ్చే జబ్బు అది. పైకి ఉబ్బదు, కారదు, మూత నొక్కితే గట్టిగానే ఉంటుంది. లోపల పుల్లబడిపోయి ఉంటుంది. ఉబ్బిన డబ్బాని చూసి ల్యాబు వాళ్ళు భయపడరు, దీనికే భయపడతారు.

హైదరాబాదు వాళ్ళది పెట్టాక రోజూ విసుగే. కరెంటు పోయి వస్తే చాలు, సిస్టం తలుపేసుకుని కూర్చునేది. ఫలానా ఫైలు సగమే ఉంది, ఏం చేయమంటావు? ఈ ముక్క ఎవరిదో తెలీదు, ఉంచనా, తీసేయనా? అన్నిటికీ జవాబు చెప్పేదాకా ఒక్క టెర్మినలూ తెరవనిచ్చేది కాదు. ఎవరివో తెలియని ముక్కల్ని ఒక మూల విడిగా పోగుచేసి ఉంచేది. రోజూ అది అడిగినవీ పోయినవీ నేను టైపు చేసినదానితో పోల్చాను. పోయినవి పోయాయి. కానీ పోయిందని చెప్పనిది ఒక్కటీ లేదు.

అదే కావాలని చెప్పాను. కోటేశ్వరరావు గారు నమ్మారో లేదో తెలీదు, మాటిచ్చాను కాబట్టి కానిమ్మన్నారు.

మే నెలలో గుజ్జుకి వాడే కలెక్టరు రకం కాయ ముమ్మరంగా దిగుతోంది. షెడ్డులో కాయ మోకాలెత్తున పడి ఉంది. కొనే కంపెనీ తరఫున మూర్తి గారనే ఆయన తనిఖీకి వస్తానని కబురు చేసిన రోజునే, పొద్దున పని మంచి ఊపులో ఉండగా కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది. సిస్టం లేచి ప్రశ్నలు మొదలెట్టింది. ఎప్పుడూ అడగనన్ని. హైదరాబాదుకి ట్రంకాల్ బుక్ చేస్తే లైను దొరకలేదు. కోటేశ్వరరావు గారు నా కుర్చీ వెనక నిలబడ్డారు.

"మద్రాసు వాళ్ళదైతే ఈపాటికి లేచి కూర్చునేది కదమ్మా."

"లేచేదండీ" అన్నాను. అంతకంటే చెప్పే ధైర్యం లేకపోయింది.

ఒక్కో ప్రశ్న చదివి, అర్థం చేసుకుని, జవాబు కొడుతున్నాను. తప్పు జవాబు కొడితే ఉన్నది కూడా పోతుంది. ఏసీ గదిలో నాకు చెమటలు పడుతున్నాయి. తలుపు అద్దంలోంచి షెడ్డు ఆడవాళ్ళిద్దరు తొంగిచూసి, ఏమైందమ్మగారూ అని సైగ చేశారు. వాళ్ళ వైపు చూడలేకపోయాను. పెదవుల మీద స్వామి నామం నడుస్తూనే ఉంది, వేళ్ళు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. చివరికి సిస్టం తలుపు తీసింది. అన్నీ ఉన్నాయి, ఒక్క రిటార్టు లోడు తప్ప. ఆ డబ్బాల నంబర్లున్నాయి, అవి ఎంత వేడిలో ఎంతసేపు ఉడికాయో ఆ గడి ఖాళీ. ఈసారి చీటీలు రాయడం లేదు, చెప్పింది చెప్పినట్టు టైపు చేయడమే. రిటార్టు దగ్గరి మనిషిని అడిగితే, వేడి చూపించే ముల్లు చూసి చెప్పాను గానీ ఎంత చెప్పానో గుర్తులేదండీ అన్నాడు.

కోటేశ్వరరావు గారు గొంతు తగ్గించారు. "ముందు లోడుది ఎంతుందో అదే వేసేయ్. అదే కాయ, అదే ఆవిరి. మూర్తి గారు గేటు దగ్గరకొచ్చేశారు."

నా వేలు కీబోర్డు మీదే ఉంది. ఆయన నాకు అన్నం పెట్టే మనిషి. "మీరు వేయమంటే వేస్తానండీ. కానీ అది తెలిసి వేసినట్టు కాదండీ" అన్నాను. ఆయన బయటికి వెళ్ళిపోయారు. నేను ఆ గడి అలాగే వదిలేశాను. నాగమణి గారు ఆ డబ్బాలన్నిటినీ మోయించి వేడి గదిలో పెట్టించింది.

మూర్తి గారు గోడౌనులో తనకి తోచిన డబ్బాలు ఏరుకొచ్చి నా ముందు పెట్టారు. ఒక్కోదాని నంబరు కొడితే వివరం వచ్చింది. తర్వాత ఆ రోజు పట్టీ మొత్తం తెర మీద చూపించమన్నారు. చూపించాను. ఖాళీ గడి మీద వేలు పెట్టి, ఇదేంటని అడిగారు.

"దాని సంగతి మాకు తెలీదండీ" అన్నారు కోటేశ్వరరావు గారు. "కరెంటు పోయినప్పుడు పోయింది. ఆ డబ్బాలు పక్కన పెట్టేశాం. కావాలంటే చూపిస్తాను, రండి."

మూర్తి గారు వెళ్ళి చూశారు. వచ్చి మంచినీళ్ళు తాగి, మంచిదండీ అని వెళ్ళిపోయారు. ఆ మంచిదికి అర్థమేంటో తెలియక మేమందరం నలిగిపోయాం. షెడ్డులో మాటలు తగ్గాయి. గేటు దగ్గర చప్పుడైతే చాలు, లేచి తలుపు దగ్గరకెళ్ళి చూసేదాన్ని. కొనే కంపెనీ లారీలు సరుకెత్తుకోవడానికి వచ్చి గోడౌను ముందు ఆగిన పొద్దున కోటేశ్వరరావు గారు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళారు.

పక్కన పెట్టిన డబ్బాల్లో ఒక్కటీ చెడలేదు. నాగమణి గారు కొన్ని కోసి చూసి బాగున్నాయంది. అనవసరంగా ఆపామని కోటేశ్వరరావు గారు గొణిగి, మిగిలినవి షెడ్డు ఆడవాళ్ళకి ఇంటికి పంచిపెట్టారు.

తర్వాత చాలా యంత్రాలు చూశాను, చాలా సిస్టంలు ఎంచాను. బాగున్న రోజున ఏ సిస్టమైనా బాగానే ఉంటుంది. పడి లేచాక, నాకిది గుర్తులేదు అని చెప్పగలుగుతుందా అని చూడటం నాకా ఏడు నేర్పింది. అయితే అదొక్కటే చాలదు. అది అలా చెప్పినప్పుడు, పెద్దమనిషి ఎదురుగా నిలబడి మాకు తెలీదండీ అనగలిగే యజమాని కూడా ఉండాలి. నాకు రెండూ ఒకే చోట దొరికాయి. దీపం పెట్టుకునేటప్పుడు ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటాను.