చంద్రు ఖాళీగా ఉంచే గడి

ఐదో కార్డు లామినేషన్ యంత్రంలోంచి వేడిగా బయటికి వస్తుంటే ఇంద్రజ రెండు చేతులతో అందుకుని, వంగకుండా బల్ల మీద పరిచి పైన లావుపాటి పుస్తకం పెట్టింది.

సూర్యాపేట బస్టాండు దగ్గర ఆమెది జిరాక్స్ దుకాణం. జిరాక్స్‌కు వచ్చిన పుస్తకాలు చూసి, గిరాకీ లేని వేళల్లో చదరంగం సొంతంగా నేర్చుకుంది. ఇప్పుడు ఊరి చెస్ క్లబ్బులో ఎవరు ఓడినా ఎత్తులు రాసిన కాగితం తెచ్చి ఆమె చేతిలో పెడతారు.

ఆదివారం కోదాడలో మూడు ఊళ్ల పోటీ ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. జట్టుకు ఆరుగురు. ఒక్కొక్కరు ఆట మొదట్లో చేసే తప్పును ఏరి కార్డు మీద రాసి ఇస్తోంది. ఒకరు మంత్రిని తొందరపడి బయటికి తీస్తారు, ఇంకొకరు ఒకే గుర్రాన్ని మూడుసార్లు కదుపుతారు. కార్డుకు ఒకే తప్పు. రెండు రాస్తే ఎవరూ చదవరు.

ఆరోది చంద్రుది. శుక్రవారం వచ్చినా అది తెల్లగానే ఉంది.

చంద్రు చివ్వెంల దగ్గరి తండా నుంచి బైకు మీద వచ్చే ఎలక్ట్రీషియన్. ఆట సగానికి చేరితే అతన్ని ఆపడం కష్టం. కానీ అక్కడిదాకా రాడు. పదకొండు ఆటల కాగితాల్లోనూ రాజు నడుమనే నిలబడి, ఇరవై ఎత్తుల్లోపు దొరికిపోయాడు.

మధ్యాహ్నం క్లబ్బు కార్యదర్శి శ్రీనివాస్ దుకాణానికే వచ్చాడు.

"ఇగ చాలు చెల్లె. చంద్రు పేరు తీసేద్దాం. మిర్యాలగూడోళ్లు ఆయన మీద గెలిచి, బయటికి పోయి చాయ్ తాగొచ్చి, మిగిలిన మన ఐదుగురి ఆట సూస్తున్నరు."

"జర ఆగన్నా."

"రేపు ఆయనతోని నేనే ఆడుత. పదో ఎత్తుకు రాజు నడుమనే ఉంటే పేరు కొట్టేస్త. మల్ల నన్ననొద్దు."

ఇంద్రజకు ఏమీ తోచలేదు. రాజును పక్కకు జరిపి ఏనుగు చాటున దాచే క్యాస్లింగ్ అతనికి రాదేమోనని మంగళవారం చేసి చూపించమంది. తడుముకోకుండా చూపించాడు. మరిచిపోతున్నాడేమోనని బుధవారం 'రాజును దాచు' అని అరచేతి మీద రాసుకోమంది. రాసుకుని ఓడాడు. గురువారం మొదటి ఎత్తే మార్పించింది. కొత్త దారిన వెళ్లి పాత చోటే దొరికాడు.

శ్రీనివాస్ వెళ్లాక పదకొండు కాగితాలనూ వరుసగా పరిచి, మొదటి పది ఎత్తులే చూసింది. అన్నిట్లోనూ రాజు వైపు గుర్రం ముందున్న బంటు ఒక గడి ముందుకు జరిగింది. ఎవరైనా ఆ ఎత్తు వేసేది, బంటు వదిలిన గడిలో ఒంటెను పెట్టడానికి. చంద్రు పెట్టడు. ఒంటెను వేరే వైపు పంపిస్తాడు. ఎవరో వస్తారన్నట్టు ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

ఎవరు వస్తారు? ఎర్ర పెన్నుతో పదకొండు చోట్ల సున్నా చుట్టింది. అయినా అర్థం కాలేదు.

సాయంత్రం చంద్రు భుజానికి వైరు చుట్టతోనే వచ్చాడు.

"నా పేరు తీసేస్తున్నరంట కదక్కా. నాకే సమజైతలేదు. మంచిగనే ఆడుతున్న అనిపిస్తది, సూస్తే ఖతమై ఉంటది."

అతను ఓడిన ఒక ఆటను తొమ్మిదో ఎత్తు దాకా ఇంద్రజ బోర్డు మీద పేర్చింది.

"నీ రాజు మీదికి ఇద్దరొస్తున్నరు. భయం కాలేదా?"

"లేదక్కా. దారుంది కదా."

"యాడుంది? సూపెట్టు."

అతని వేలు రాజు దగ్గర మొదలై, పక్కకు రెండు గడులు, ముందుకు ఒకటి పోయి, ఆ ఖాళీ గడిలో ఆగింది. గుర్రం నడిచే తీరు అది.

"అరె," అన్నాడు చంద్రు. "ఇది మా అవ్వ ఆట."

ఆరేళ్లప్పుడు తండాలో అతనికి చదరంగం నేర్పింది నాయనమ్మ మోతీబాయి. ఆమె ఆటలో క్యాస్లింగ్ లేదు. దానికి బదులు, ఎదుటివాడు అప్పటిదాకా రాజుకు చెక్ చెప్పకపోతే, రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. క్లబ్బులో ఆ రూలు లేదని చంద్రుకు తెలుసు. ఎన్నడూ దూకించలేదు. కానీ కన్ను ఆ దారిని లెక్కలో ఉంచుకుని, రాజుకేం భయం లేదని చెబుతూ వచ్చింది. చంద్రు కంటికి అప్పటికే భద్రంగా ఉన్న రాజును మళ్లీ దాచమని అరచేతి మీద రాయించిన సంగతి ఇంద్రజకు గుర్తొచ్చింది.

"గిన్ని రోజులు చెప్పలేదేంది?"

"నాకు తెలిస్తే కదా! అవ్వకు మాత్రం చెప్పకక్కా. ఆమె ఆట తప్పన్నరని బస్సెక్కి ఇక్కడికే వస్తది."

"తప్పని ఎవరన్నరు? ఆమె దగ్గర దూకు. గీడ మాత్రం ఆ గడిల ఒంటెను కూసోబెట్టు."

శనివారం శ్రీనివాస్‌తో ఆట. చంద్రు అలవాటు ప్రకారమే బంటు జరిపాడు. ఒంటె మీద చేయి వేసి అలాగే ఆగిపోయాడు.

"ఏందయ్యా, కరెంటు పోయిందా?" అన్నాడు శ్రీనివాస్.

చంద్రు ఒంటెను ఖాళీ గడిలో పెట్టాడు. తర్వాత రాజు వైపు అయోమయంగా చూశాడు. ఇన్నాళ్లూ ఉన్న దారిని ఒంటె మూసేసింది. గుర్రాన్ని బయటికి తీశాడు. ఎనిమిదో ఎత్తులో రాజును ఏనుగు చాటుకు చేర్చాడు.

నలభై ఆరో ఎత్తులో శ్రీనివాస్ చేయి చాచాడు. "డ్రా. పొద్దుగాల ఆరింటికి బస్సు. లేటు చేస్తే ఇడిసిపెట్టి పోత."

ఇంద్రజ అప్పటికే యంత్రం వేడి చేసి ఉంచింది. తెల్ల కార్డు మీద ఒకే వాక్యం రాసింది: "బంటు జరిపినాక, ఆ గడిలో ఒంటెను పెట్టు." కార్డు బయటికి రాగానే అంచులు సమంగా కత్తిరించి చంద్రుకు ఇచ్చింది.

"వేడిగున్నది. వంచకు."

చంద్రు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, చల్లారేదాకా ఊది, జేబులో టెస్టర్ పక్కన పెట్టుకున్నాడు.