అసిరమ్మ ఇంట్లో తలకెంత కర్ర

కర్ర తూచడానికి వచ్చిన అమ్మాయిని అసిరమ్మ గుమ్మం దగ్గరే నిలబెట్టేసింది. తిత్లీ తుపాను పోయిన మరుసటి ఏడు అది. కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లంటే భావనపాడులో ఎవరికీ నమ్మకం మిగల్లేదు.

"ఏ ఆఫీసు మీది? ఫారెస్టా?"

"కాదు పిన్నీ, సర్వే. టెక్కలి నుంచి వస్తన్నాను. నా పేరు శ్రావణి."

అసిరమ్మ చేపలమ్మే మనిషి. కాటా ఎన్ని రకాలుగా అబద్ధమాడుతుందో ఆమెకు తెలుసు. తన రెండు కిలోల గుండు సంచిలో వేసి తెచ్చి ఆ అమ్మాయి కాటా కొక్కేనికి తగిలించింది. ముల్లు సరిగ్గా రెండు దగ్గర ఆగింది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. ఇంత సరైన కాటాతో ఎవరూ ఊరికే రారు.

శ్రావణి పొయ్యి కర్రల మోపు తూచి తాడు కట్టింది. మూడు రోజులు ఆ మోపులోంచే వండాలి, రోజూ పొద్దున్న వచ్చి మిగిలింది తూస్తానంది. దేశం మొత్తం వదిలే పొగని జనంతో భాగిస్తే తలకెంతో తెలుస్తుందట. పెద్ద దేశాలతో చూస్తే మనది చాలా తక్కువట. తగ్గించాలంటే ముందు ఎంతో తెలియాలట.

"ఆ ఎక్కువోలింటికెల్లి తూసుకో మరి. నా పొయ్యే దొరికినాదా?"

శ్రావణి నవ్వేసింది. ఆ నవ్వూ అసిరమ్మకు నచ్చలేదు. ఆ కర్ర సర్కారు సరుగుడు తోటలోది. తుపానుకి పడిన కొమ్మల్ని ఆడవాళ్లు ఏరుకొస్తుంటే కాపలావాడు చూసీ చూడనట్టుంటాడు. ఎవరింట్లో ఎంతుందో కాగితమ్మీద పడితే ఆ తోట దారి మూసుకుపోతుంది. గ్యాసు బండ మూలన ఉంది గానీ, మొగుడి పడవకి పంపే వంటకి అది ఎన్నాళ్లొస్తుంది?

మూడు పొద్దులూ శ్రావణి ఒకే మాట అడిగింది. "నిన్న ఈ పొయ్యి మీద వండింది ఎందరు తిన్నారు?"

మూడు పొద్దులూ అసిరమ్మ తన కోడలు తులసి వైపు చూసి, "ఇద్దరం" అంది.

మూడోనాడు లెక్క కట్టి శ్రావణి తల పట్టుకుంది. "రోజుకి పన్నెండు కిలోలు పిన్నీ. మనిషికి ఆరు. ఊళ్లో ఎవులికీ రెండు దాటనేదు. ఇలాటిది ఉంటే పేరు పైకి పంపాలి. ఆల్లొచ్చి కర్రెక్కడిదో సూస్తారు."



"అత్తా, సెప్పీరాదా," అంది తులసి మెల్లగా.

అసిరమ్మ చెప్పలేదు. పడవ నీళ్లమీద ఉండగా అందులోని మనుషుల్ని లెక్కపెట్టకూడదన్నది ఆమె అత్త నేర్పిన పద్ధతి. ఎందరెళ్లారని ఎవరడిగినా ఊరుకోవాలి. ఒకసారి మరిది వెళ్లిన పడవలో ఎందరున్నారో ఎవరో లెక్క చెప్పారు. అతను తిరిగి రాలేదు. ఈ పిల్ల రోజూ పడవ వెళ్లాకే వస్తోంది.

"ఏటీ రాయకు. నాతో రా," అని శ్రావణి చెయ్యి పట్టుకుని ఒడ్డుకి లాక్కెళ్లింది. ఇసుకలో కూర్చోబెట్టింది. ఎండ నెత్తికెక్కింది. వల బాగుచేసుకుంటున్న కూర్మమ్మ, "ఏటే అసిరీ, కోడల్ని మార్సీనావా?" అంది. అసిరమ్మ కళ్లు నీళ్లమీదే ఉన్నాయి.

పడవ ఒడ్డు తాకింది. ముందు మొగుడు ఎర్రన్న దిగాడు, తర్వాత ఇద్దరు కొడుకులు, ఆపైన పడవలో పనిచేసే ముగ్గురు కళాసీలు. ఆఖరివాడి కాలు ఇసుకలో పడ్డాక అసిరమ్మ నోరు విప్పింది.

"ఆరుగురు. ఈలు పట్టుకెల్లే కూడు నా పొయ్యి మీదే. మేమిద్దరం. ఇప్పుడు రాసుకో."

శ్రావణి పాత అంకె కొట్టేసి మళ్లీ రాసింది. "ఎనమండుగురు. మనిషికి కిలోన్నర. నీ పేరు పైకెల్లదు పిన్నీ."

అసిరమ్మ కాగితం లాక్కుని తులసికిచ్చింది. తులసి ఒక్కో గడీ చదివింది. కర్ర ఏరిందా, కొన్నదా అని ఉంది గానీ, ఎక్కడిదని అడిగిన గడి లేదు. అసిరమ్మ రెండోసారీ చదివించి కాగితం తిరిగిచ్చింది.

శ్రావణి బస్సు కోసం రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా చూసి, కోడలితో అంది.

"నాలుగు రోజులు తోటకెల్లకే. గ్యాసెలిగించు. ఎవులొస్తారో సూద్దుం."