పత్తి బోరాల చాటున

ఆదోనిలో నా చిన్నప్పుడు మశూచి అనే మాట ఎవరూ పైకి అనేవారు కాదు. అమ్మవారు వచ్చిందని గొంతు తగ్గించి చెప్పుకుని, గుమ్మానికి వేపమండలు కట్టేవారు. టీకాలాయన వీధిలోకి వస్తే మాత్రం మా అవ్వకు ఒళ్లు మండేది. సూదితో పొడిస్తే అమ్మవారికి కోపం వస్తుందని ఆమె నమ్మకం.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, మా చెల్లెలికి ఆరు. టీకాలాయన వస్తున్నాడని తెలియగానే అవ్వ మమ్మల్నిద్దరినీ ఇంటి వెనక మా నాయన పత్తి మండీలోకి లాక్కెళ్లి, బోరాల చాటున కూర్చోబెట్టింది. ఒకవేళ ఒకరు దొరికినా ఇంకెవరూ లేరని చెప్పమంది. పాడు దూది నలుసు ముక్కులోకి పోయి నేను వరసగా నాలుగుసార్లు తుమ్మాను. ఇంకేముంది, దొరికిపోయాను. చెల్లెలు పావడ అంచు నోట్లో కుక్కుకుని కిక్కురుమనలేదు. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన అడిగాడు. లేరన్నాను. దాన్ని కాపాడానని ఎంత గర్వపడ్డానో!

టీకా పొడిచిన చోట నా జబ్బ వాచి చీము పట్టింది, రెండు రోజులు జ్వరం. నేను ముందే చెప్పలేదా అని అవ్వ అందరినీ సాధించింది. చెల్లెలు జాలిపడి తన బొరుగుల ఉండలో సగం నాకు పెట్టింది.

ఎండాకాలంలో ఎమ్మిగనూరులో మేనత్త ఇంట్లో పెళ్లికి పోయి వచ్చాం. పన్నెండు రోజులకి చెల్లెలి ఒళ్లు కాలిపోయింది, ముఖమంతా పొక్కులు. అంతవరకూ మేమిద్దరం ఒకే చాపమీద పడుకున్నాం, ఒకే కంచంలో తిన్నాం. రోజూ పొద్దున్నే అమ్మ నా నుదురు ముట్టుకుని చూసేది. నాకేమీ రాలేదు. చెల్లెలు బతికింది కానీ కుడికన్ను తెల్లబడిపోయింది.

జబ్బు తగ్గాక వేపాకు నీళ్లు పోయడానికి అవ్వ మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది. నా జబ్బమీది మచ్చలు చూసింది, చెల్లెలి కన్ను చూసింది. చెంబు ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అమ్మవారిని ఏమీ అనొద్దండి. దీని కన్ను పోగొట్టింది నేనే" అంది ఇంట్లోవాళ్లందరూ వినేలా.

కూరలో ఉప్పు ఎక్కువైనా ఒప్పుకోని మనిషి ఆమె. లేరని చెప్పింది నేనే కదా అని వెక్కివెక్కి ఏడ్చాను. అవ్వ తడి చేత్తో నా ముఖం తుడిచింది.

"నీ నోట్లో ఆ మాట పెట్టింది నేనే కదమ్మా. అది నీకు అంటదులే."

మరుసారి టీకాలాయన వచ్చినప్పుడు అవ్వ ఆమధ్యే పుట్టి ఉయ్యాలలో ఉన్న తమ్ముణ్ణి చంకనెత్తుకుని తనే వీధిలోకి పోయింది. తలుపుల సందుల్లోంచి ఆడవాళ్లంతా చూస్తుండగా ముడతలుపడ్డ తన చెయ్యి చాపింది.

"ముందు నాకెయ్యప్పా. సూసి పిల్లోల్లు బయపడకుండా ఉంటారు."

నాకొచ్చిన ఆ జ్వరం ఒళ్లు జబ్బుతో పోరాడటం నేర్చుకున్న జ్వరమని చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు నా మచ్చలూ ముడతల్లో కలిసిపోయాయి. చెల్లెలు వస్తే దాని ఎడమవైపే కూర్చుంటాను. అది నీకు అంటదులే అని అవ్వ అన్నా, ఇంట్లో పిల్లలెందరని టీకాలవాళ్లు అడిగితే ఈనాటికీ గదిగదికీ వెళ్లి చూసివచ్చి చెబుతాను.