ముగ్గురు ష్నైడర్లు, రెండు బ్యాగుల రక్తం

1994లో, ఎండలు కాస్త తగ్గుముఖం పట్టే రోజుల్లో, ఖతార్ రాజధాని దోహాలో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో నన్ను క్రాస్‌మ్యాచ్ విభాగానికి ఇన్‌చార్జిగా వేశారు. హోదా సీనియర్ టెక్నాలజిస్టు. నా పైన డైరెక్టర్. ఆయన సూడాన్ దేశపు డాక్టరు, మాట పొదుపు మనిషి. మాది తెనాలి. అప్పుడు మా కాపురం అక్కడి ఉమ్ ఘువైలినా పేటలో. విభాగంలో నాకంటే ముందు చేరిన మగవాళ్ళుండగా నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టడం కొందరికి మింగుడు పడలేదు. నాకు ముక్కు మీద కోపమనీ, ఎవరి మాటా విననని అనేవాళ్ళు. రెండూ నిజమే.

క్రాస్‌మ్యాచ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. రోగి రక్తం నుంచి తేరిన సీరమ్‌ను దాత ఎర్రకణాలతో కలిపి, ఒంటి వేడిలో కాసేపు ఉంచి, కడిగి, కూంబ్స్ అనే ద్రవం వేసి, యంత్రంలో తిప్పి చూస్తాం. కణాలు విడివిడిగా ఉంటే ఆ బ్యాగు ఎక్కించవచ్చు. ఉండలు కడితే ఎక్కించకూడదు. మొండికేసి ఎక్కిస్తే రోగి ఒళ్ళే ఆ కణాలను పగలగొట్టి పారేస్తుంది, కిడ్నీలు పోతాయి, మనిషీ పోవచ్చు. జనానికి తెలిసిన ఎ, బి, ఓ గ్రూపులు ఈ వ్యవహారంలో గుమ్మం వరకే. లోపల ఇంకా చాలా గదులున్నాయి.

నేను చార్జి తీసుకున్న కొత్తలోనే ష్నైడర్ అనే జర్మన్ ఇంజనీరు శాంపిల్ వచ్చింది. గ్యాస్ ప్లాంటు కడుతున్న కంపెనీ మనిషి. కడుపులో పుండు పగిలి రక్తం కక్కుకుంటుంటే తెచ్చి చేర్చారు. గ్రూపు ఎ పాజిటివ్. మా ఫ్రిజ్‌లో దానికి కొదవ లేదు. కానీ ఏ బ్యాగుతో కలిపినా ఉండలే. అప్పుడు పానెల్ తీశాను. పానెల్ అంటే ఏ కణం మీద ఏ గుర్తులున్నాయో ముందే తెలిసిన కణాల సీసాల వరుస. అందులో ఒక్క సీసా తప్ప అన్నీ ఉండలు కట్టాయి. ఆ ఒక్క సీసా ప్రత్యేకత ఏమిటో చార్టులో చూశాను.

మన ఎర్రకణాల మీద కెల్ అనే గుర్తు ఉంటుంది. దానికి రెండు రూపాలు, పెద్ద కె, చిన్న కె. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. దాదాపు అందరికీ చిన్న కె ఉంటుంది. ఎక్కడో ఒకరికి మాత్రం రెండు వైపుల నుంచీ పెద్ద కె వస్తుంది. ష్నైడర్ అలాంటివాడు. ఎప్పుడో కారు ప్రమాదంలో జర్మనీలో రక్తం ఎక్కించారట. అప్పటి నుంచి అతని ఒళ్ళు చిన్న కె కనిపిస్తే చాలు విరుచుకుపడుతోంది. అంటే అతనికి తనలాంటి మనిషి రక్తమే కావాలి.

ఇలాంటప్పుడు ముందు తోబుట్టువుల్ని వెతుకుతాం. ష్నైడర్ ఒక్కగానొక్క కొడుకు. యూరప్‌లో మంచులా గడ్డకట్టించి దాచిన రక్తం ఉంది కానీ, దాన్ని కరిగించి కడిగే యంత్రం మా దగ్గర లేదు. అక్కడే కరిగించి విమానమెక్కిస్తే ఒక్కరోజులోగా వాడెయ్యాలి. డైరెక్టర్ ఫ్యాక్సుల మీద ఫ్యాక్సులు పంపారు. ప్రయత్నిస్తాం అన్నారే గానీ, ఫలానా రోజుకు చేరుస్తాం అనలేదు. ఇక్కడ సర్జన్, కనీసం రెండు బ్యాగులు నా చేతికిస్తేనే కడుపు కోస్తాను, లేకపోతే టేబుల్ మీదే పోతాడు అని తేల్చేశాడు. కొయ్యకపోయినా పోయేట్టే ఉన్నాడు. హిమోగ్లోబిన్ పూటపూటకీ దిగిపోతోంది.

సరిగ్గా ఆ సమయంలో ప్రసాద్ గారు దిగారు. రాజమండ్రి మనిషి, ష్నైడర్ కంపెనీలో పర్సొనెల్ ఆఫీసరు. ఉపకారి, అయితే నోరు మాత్రం ఊరుకోదు. వెనకాల ముగ్గురు తెల్లవాళ్ళను వెంటబెట్టుకుని, యుద్ధం గెలిచినవాడిలా మా కౌంటరు ముందు నిలబడ్డారు.

"అమ్మా, మీరింక బెంగపెట్టుకోకండి. దోహాలో ఉన్న ష్నైడర్లందర్నీ పట్టుకొచ్చేశాను. ఇంటిపేరు ఒకటే కదండీ, ఎక్కడో అక్కడ దాయాదులు కాకపోతారా?"

శాంపిల్స్ తీసుకున్నాను. కాదనడానికి నాకేం హక్కు? ఒకాయనకు అసలు గ్రూపే కలవలేదు. మిగిలిన ఇద్దరి కణాలూ ష్నైడర్ సీరమ్‌లో రేగిపళ్ళంత ఉండలు కట్టాయి.

ఈ సంగతి చెప్పడానికి వార్డుకు వెళ్ళాను. ష్నైడర్ ముఖం గోడ సున్నంలా ఉంది, కానీ మాట తెలివిగానే ఉంది. తన ఇంటిపేరే ఉన్నవాళ్ళు ముగ్గురు వచ్చారని విని నవ్వాడు. ష్నైడర్ అంటే వాళ్ళ భాషలో దర్జీ అట. వందల ఏళ్ళ కిందట పన్నులకీ పత్రాలకీ మనిషికో ఇంటిపేరు తప్పనిసరైనప్పుడు, ఊరూరా బట్టలు కుట్టేవాడికల్లా ఆ పేరే పడింది. ఆ ఊరి దర్జీకీ ఈ ఊరి దర్జీకీ ఏ చుట్టరికమూ లేదు. తన ముత్తాత అయితే జర్మనే కాదు, తూర్పు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన పోలిష్ మనిషి. పోలిష్ భాషలో దర్జీ అనే అర్థమున్న పేరునే గుమాస్తా జర్మన్‌లోకి మార్చి రాసేశాడట. "దర్జీలందరూ అన్నదమ్ములే అయితే బట్టలు కుట్టించుకున్నదెవరు?" అన్నాడు. పక్కన కూర్చున్న అతని భార్య నవ్వలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ చేతి పట్టు నాకు భయం వేసేలా ఉంది.

కిందికి దిగేసరికి ప్రసాద్ గారు ఇంకా అక్కడే ఉన్నారు. బహ్రెయిన్‌లో మరో ఇద్దరు ష్నైడర్లున్నారని, పిలిపించమంటారా అని అడిగారు. నా కోపం కట్టలు తెంచుకుంది. మన ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లు, వాళ్ళవి చేతిపనుల పేర్లు, ఏదైనా పేరు పేరే, దాన్నీ రక్తాన్నీ ఒకే గాటన కట్టొద్దని దులిపేశాను. మన మేనరికాలే చూడండి, ఇంటిపేర్లు వేరు, రక్తం మాత్రం అటూ ఇటూ తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది అన్నాను. "ఇంటిపేరూ రక్తమూ కలిసి నడవాలంటే దాయాదులు దాయాదుల్నే పెళ్ళి చేసుకోవాలి ప్రసాద్ గారూ, బాబాయి కూతుర్ని..." అంటూ అక్కడే ఆగిపోయాను.

బాబాయి కూతురు మనకు చెల్లెలు. ఈ దేశంలో ఆమే తగిన పెళ్ళికూతురు.

నాకు గుర్తొచ్చింది దోహాకు దక్షిణాన అల్ వుకైర్‌లో ఒక ఖతారీ కుటుంబం. అంతకు ముందు ఏడాది ఆ ఇంటి ఆడపడుచు ఉమ్ ఖాలిద్‌కు కాన్పులో రక్తం పోయింది. ఆమెది ష్నైడర్‌కు తిరగేసిన కేసు. పెద్ద కె ఆమెకు పడదు. అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు బిలబిలమంటూ రక్తం ఇవ్వడానికి వస్తే, చాలామందిలో పెద్ద కె కనబడి వెనక్కి పంపేశాం. అరబ్బుల్లో పెద్ద కె మనకంటే బాగా ఎక్కువ. ఆమెకు చివరికి మలయాళీ నర్సుల రక్తం ఎక్కించాం. ఆమె పెద్దన్న అబూ జాసిం ఇదే కౌంటరు దగ్గర నిలబడి, మా చెల్లెలికి మా రక్తం పనికిరాదా అని నా మీద మండిపడి వెళ్ళాడు. ఆయన భార్య స్వయానా ఆయన బాబాయి కూతురు. ఇద్దరి వైపులా పెద్ద కె ఉంటే, పిల్లల్లో ఎవరికో ఒకరికి రెండూ పెద్దవే వచ్చి ఉండొచ్చు.

డైరెక్టర్‌కు చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆధారం ఏమిటన్నారు. లెక్క తప్ప ఆధారం లేదన్నాను. వ్యాన్ తీసుకెళ్ళమన్నారు.

వ్యాన్ డ్రైవర్ లింగన్నది జగిత్యాల దగ్గర పల్లె. దారి పొడుగునా అతనికి ఒకటే గుబులు. "మేడం, పోయినేడు గా సేఠ్ మస్తు గరమైండు. ఇప్పుడు మనల్ని సూసి యల్లా యల్లా అని ఎల్లగొడ్తడో ఏమో."

ఎల్లగొట్టలేదు, కానీ అతిథుల గది మజ్లిస్‌లో కూర్చోబెట్టిన తీరు చల్లగానే ఉంది. అబూ జాసిం నా మాటంతా విన్నాడు. పోయినేడు పనికిరాని రక్తం ఈ ఏడు పనికొచ్చిందా అని మాత్రం అన్నాడు. నేను మళ్ళీ వివరించబోయాను. అప్పుడు లోపలి తలుపు వెనక నుంచి ఆడగొంతు వినిపించింది. ఉమ్ ఖాలిద్. నా ఒంట్లో తిరుగుతున్నది ఎవరి రక్తమో మరిచిపోయావా అన్నయ్యా, వాళ్ళేమైనా మన తెగవాళ్ళా అని ఆమె అడిగింది. అబూ జాసిం ఆ తలుపు వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, ఆ రోగి ఎవరి కొడుకు అని అడిగాడు. ఖయ్యాత్ కొడుకు అన్నాను. ఖయ్యాత్ అంటే అరబీలో దర్జీ. ఏదో గొప్ప వంశం పేరు వింటాననుకున్నాడేమో, ఆయన గడ్డం నిమురుకుని మొదటిసారి నవ్వాడు. దర్జీ కొడుకైతే మరి ఆలస్యం దేనికి, యల్లా, పదండి అని కొడుకుల్ని కేకేశాడు.

చిన్న కె పరీక్షకు కొనుక్కొచ్చే రీయేజెంటు, అంటే పరీక్ష ద్రవం, మా దగ్గర లేదు. ష్నైడర్ సీరమ్‌నే రీయేజెంటుగా వాడాను. మా వృత్తిలో అది తెలిసిన పద్ధతే. ఆ ఇంటివాళ్ళ శాంపిల్స్ వరుసగా పెట్టాను. అబూ జాసింది ఉండ కట్టింది. పెద్ద కొడుకుదీ కట్టింది. రెండోవాడి గొట్టం వంచి చూస్తే కణాలు పొగలా, మెత్తగా, విడివిడిగా లేచాయి. నమ్మలేక మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక్క ఉండా లేదు. అతని తమ్ముడిదీ అంతే. నెగెటివ్ వచ్చినప్పుడు పరీక్ష సరిగా జరిగిందో లేదో చూడ్డానికి కంట్రోలు కణాలు వేస్తాం. అవి ఉండ కట్టాకే, దొరికారు అని పైకి అన్నాను. అన్నానేమిటి, అరిచాను. నాకంటే ముందు చేరిన మగవాళ్ళిద్దరూ పరుగెత్తుకొచ్చారు. డైరెక్టర్ వచ్చి, మైక్రోస్కోపులోకి వంగి, లేచి, "మబ్రూక్" అని అభినందించారు. ఆయన నోట అంత పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు.

అన్నదమ్ములిద్దరిదీ మంచి ఆరోగ్యం, గ్రూపు ఓ పాజిటివ్, ఎ వాళ్ళకు ఇవ్వవచ్చు. జబ్బుల పరీక్షలన్నీ పూర్తయ్యాక రెండు బ్యాగులూ నా చేత్తోనే ఆపరేషన్ థియేటరుకు పంపాను. మొదటి బ్యాగు ఎక్కుతున్నంతసేపూ నేను థియేటరు కబురు కోసం మా విభాగం ఫోను పక్కనే నిలబడ్డాను. జ్వరం లేదు, వణుకు లేదు, మూత్రం రంగు మారలేదు. సర్జన్ పుండు కుట్టి బయటికి వచ్చి, ఇంక ఫ్యాక్సులు ఆపమని మా డైరెక్టర్‌కు చెప్పించాడు.

ప్రసాద్ గారు మిఠాయి పొట్లంతో వచ్చి, అసలు ఐడియా తనదేనంటూ బ్లడ్ బ్యాంకంతా పంచారు. కాదనలేదు. ఆయన అంత తప్పుగా మాట్లాడకపోతే నాకంత కోపం రాదు, అంత కోపం రాకపోతే ఆ మాట నా నోట రాదు. లింగన్న మాత్రం, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే తన ఊరికి ఫోను చేసి వచ్చి దిగాలుగా చెప్పాడు. "దుబాయ్ సేఠ్ రక్తం జర్మనీ సాబ్ పానం కాపాడిందని మా ఇంటిదానికి చెప్తే, పొద్దుగాల్నే తాగినవా అని తిట్టింది మేడం."

కోలుకున్నాక ష్నైడర్ దంపతులు అల్ వుకైర్ వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. అబూ జాసిం అతన్ని వచ్చినవాళ్ళందరికీ ఇతను మా దర్జీ కొడుకు అని పరిచయం చేశాడు. నన్ను మాత్రం, మా రక్తాన్ని ఒకసారి కాదని మరోసారి బతిమాలి పట్టుకెళ్ళిన మనిషి అన్నాడు. రెండూ సరిగ్గా చేశాను కాబట్టి నేను తల ఎత్తుకునే కాఫీ తాగాను.

ఆ కేసు తర్వాత మా విభాగంలో ఒక పద్ధతి మారింది. పెద్ద కె ఉన్న దాతలను వెనక్కి పంపేసి ఊరుకోవడం మానేశాం. వాళ్ళలో రెండూ పెద్ద కె అయినవాళ్ళను అరుదైన దాతలుగా గుర్తుపెట్టుకుని, కుటుంబాలను కూడా పరీక్షించడం మొదలుపెట్టాం. నేను నేర్చుకున్నది ఇంకా చిన్నది. రక్తం దొరకని రోగి వచ్చినప్పుడు, నేను రిటైరయ్యేదాకా, ఇంటిపేరూ ఊరూ దేశమూ తర్వాత అడిగేదాన్ని. ముందు అడిగేది ఒకటే ప్రశ్న. మీ అమ్మానాన్నలు పెళ్ళికి ముందు ఒకరికొకరు ఏమవుతారు?