తెప్ప తిప్పే చోటు

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే బస్సులో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, నా యుద్ధవిమానాన్ని మరోసారి సముద్రంలో ముంచాను. మిత్రుడూ నేనూ కలిసి తయారుచేస్తున్న ఆట అది. అందులో విమానాల ఇంధనం లెక్క నాది. బాంబుల బరువు, ఎగిరే ఎత్తు, గాలి అన్నీ కలిపి ఎంత తాగుతుందో, ఎంత దూరం పోతుందో సరిగ్గానే కట్టాను. అయినా ఆడి చూసినవాళ్ళంతా శత్రువును కొట్టి, తిరుగుదారిలో పడిపోతున్నారు.

పక్క సీటులో ఖాళీ చేపలగంపతో కూర్చున్న ఒకావిడ అంతా చూస్తోంది.

"ఏంది నాయనా, మళ్ళా పడిపోయిందే?"

"ఆయిల్ అయిపోయిందమ్మా. వచ్చేటప్పుడు ఎదురుగాలి కొట్టింది."

"వచ్చేదానికి ముందే తీసి పెట్టుకోవాల గదా. మా ఆయన సోమశిల నీళ్ళలో వల వేస్తాడు. చేపలు ఎంత పడతన్నా సరే, రెక్కల్లో ఇంకా సత్తువ ఉండంగానే తెప్ప తిప్పేస్తాడు. చూసి అందరూ నవ్వతారు."

ఖాళీ గంపను ఒళ్ళోకి లాక్కుని, "మా మరిది ఒకనాడు తిప్పలా," అంది.

ఆత్మకూరులో గంప చంకన పెట్టుకుని దిగిపోయింది. పేరు అడగాలని నాకు తోచలేదు. అందుకే ఆవిడ మాటనే దాచుకున్నాను.

ఇప్పుడు మా ఆటలో, స్థావరానికి తిరిగి చేరడానికి సరిపడా ఇంధనం మాత్రమే మిగిలినప్పుడు, తెర మీద ఎర్రగా రెండు మాటలు వెలుగుతాయి: తెప్ప తిప్పు.

విమానానికి తెప్పేమిటని ఆడేవాళ్ళు నన్ను అడుగుతూనే ఉంటారు. అడుగుతూనే వెనక్కి తిప్పుతారు.